రెంటచింతలలో నెగ్గి ద్రాస్‌లో ఓడిన ఫంక్షను

ముందుగా ఓ చిన్న పరీక్ష. ఈ కింది ఏడు సంఖ్యల్లోనూ అన్నిటికన్నా పెద్దది ఏదో చెప్పండి.

41, 44, 43, 46, 42, 45, 44

"46" అని అప్పుడే అనేశారు కదూ! బాగుంది. అయితే ఆ సంగతి మీకెలా తెలిసింది? "ఎలా తెలియడమేమిటి? చూశాం, కనిపించింది" అంటారు. కాని కంప్యూటరుకి ఈ జవాబు చాలదు. వరసనంతా ఒక్క చూపులో చూసేసే కళ్ళు దానికి లేవు. మామూలు ప్రోగ్రాములో అది ఒక్కొక్క సంఖ్యనే తీసి చూస్తుంది.

దానిలాగే మీరూ చూడాలంటే ఒక పని చెయ్యండి. దళసరి కాగితం ముక్క ఒకటి తీసుకుని, ఒక్క సంఖ్య మాత్రమే కనిపించేటంత కన్నం చెయ్యండి. దాన్ని ఆ వరస మీద పెట్టి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరపండి. మొదట 41 కనిపిస్తుంది. దాన్ని గుర్తు పెట్టుకుంటారు. తరవాత 44. ఇది 41 కన్నా పెద్దది. కనుక 41ని వదిలేసి 44ని గుర్తు పెట్టుకుంటారు. తరవాతది 43. ఇది చిన్నది, దీన్ని పట్టించుకోనక్కర లేదు. ఇలా చివరిదాకా వెళ్ళేసరికి మీ మనసులో మిగిలేది 46.

ఇప్పుడు మీరు చేసినది చిన్న పనేం కాదు. "చూశాను, తెలిసింది" అన్న దాన్ని విడదీసి, ఒక్కొక్క మెట్టుగా చెప్పారు. ప్రోగ్రాములు రాయడం అంటే ముఖ్యంగా ఇదే.

జాబితా అంటే

పై వరసలాంటి దాన్ని ప్రోగ్రాములు రాసేవాళ్ళు జాబితా అంటారు. ఇంగ్లీషు మాట లిస్టు. రైలు పెట్టెలో సీట్లలాగా జాబితాలో ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుంది. కాని ఇక్కడ ఓ తమాషా ఉంది. చాలా కంప్యూటరు భాషల్లో ఈ నంబర్లు 1తో కాక 0తో మొదలవుతాయి. మన జాబితాలో 0వ స్థానంలో ఉన్నది 41. 1వ స్థానంలో ఉన్నది 44. ఏడు సంఖ్యలున్నా చివరి స్థానం నంబరు 6.

ఇదెక్కడి విడ్డూరం అనుకోకండి. ఆ నంబరుని "ఎన్నోది" అని కాకుండా "మొదటిదాని దగ్గర్నుంచి ఎన్ని అడుగులు వెయ్యాలి" అని చదవండి. మొదటిదాన్ని చేరడానికి ఎన్ని అడుగులు వెయ్యాలి? సున్నా! ఏడోదాన్ని చేరడానికి ఆరు.

ఫంక్షను అంటే

మీ వీధి చివర పిండిమర ఉంటుంది. దానికి బియ్యం పోస్తే బియ్యప్పిండి ఇస్తుంది, గోధుమలు పోస్తే గోధుమపిండి ఇస్తుంది. లోపల రాళ్ళు ఎలా తిరుగుతాయో మీకు తెలియనక్కర లేదు. పొయ్యవలసినది పోస్తే రావలసినది వస్తుంది. ఫంక్షను కూడా అంతే. దానికి ఒక పేరు ఉంటుంది. ఏదో ఒకటి ఇస్తే, దాని మీద పని చేసి, ఫలితాన్ని తిరిగి ఇస్తుంది.

అన్నిటికన్నా పెద్ద సంఖ్యని వెతికిపెట్టే ఫంక్షనొకటి తెలుగు మాటల్లోనే రాద్దాం. ఏ కంప్యూటరు భాషలోకైనా దీన్ని తేలిగ్గా మార్చుకోవచ్చు.

ఫంక్షను పెద్దది (జాబితా):
    గుర్తు = 0
    జాబితాలోని ఒక్కొక్క సంఖ్యకీ:
        సంఖ్య > గుర్తు అయితే, గుర్తు = సంఖ్య
    గుర్తును తిరిగి ఇవ్వు

ఇందులో "గుర్తు" అనేది ఒక చిన్న డబ్బా పేరు. "గుర్తు = 0" అంటే రెండూ సమానమని కాదు, ఆ డబ్బాలో 0 వెయ్యమని. తరవాత అంతకన్నా పెద్ద సంఖ్య ఎదురైనప్పుడల్లా డబ్బాలోది తీసేసి కొత్తది వేస్తాం.

చివరి వరసలో "తిరిగి ఇవ్వు" అన్నాం చూశారూ? కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడ పొరపడుతూ ఉంటారు. దానికి బదులు "తెర మీద చూపించు" అని రాసేస్తారు. తెర మీద 46 కనిపిస్తుంది, సంతోషిస్తారు. కాని పిండిమరవాడు మీ పిండిని అద్దంలోంచి చూపించి, సంచిలో పొయ్యకపోతే దానితో రొట్టెలెలా చేసుకుంటారు? తెర మీద చూపించినది మన కంటికి మాత్రమే. తిరిగి ఇచ్చినది ఇంకో లెక్కలో వాడుకోవడానికి పనికొస్తుంది.

ద్రాస్‌లో ఏమయింది?

పల్నాడు జిల్లాలోని రెంటచింతల ఎండలకి పెట్టింది పేరు. మొదట ఇచ్చిన ఏడు సంఖ్యలూ అక్కడ మే నెలలో ఒక వారంపాటు నమోదైన ఉష్ణోగ్రతలు అనుకోండి. మన ఫంక్షను 46 అని చెబుతుంది. ఇంకో వారం లెక్కలిచ్చినా సరిగ్గానే చెబుతుంది. అన్ని వేసవులూ ఇచ్చి చూసినా తప్పు దొరకదు. ఇంకేం, ఫంక్షను బాగుందని అందరికీ పంచిపెట్టేస్తాం.

ఇప్పుడు లడాఖ్‌లోని ద్రాస్‌కి వెళదాం. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకి దిగువన ఉండడం మామూలే. జనవరిలో ఒక వారం లెక్కలు ఇలా ఉన్నాయనుకోండి:

−12, −17, −9, −15, −20, −11, −14

వీటిలో పెద్దది −9. కాగితం కన్నంతో మన ఫంక్షను నడిచిన దారిలోనే నడిచి చూడండి. డబ్బాలో ముందే 0 ఉంది. −12 కన్నా 0 పెద్దది, కనుక డబ్బా మారదు. −17 వచ్చినా మారదు. చివరిదాకా ఏదీ 0ని దాటలేదు. ఫంక్షను ఇచ్చే జవాబు 0. ఆ వారంలో ఎన్నడూ లేని ఉష్ణోగ్రతని అది తిరిగి ఇచ్చింది!

విచిత్రమేమిటంటే, ఇక్కడ కంప్యూటరు ఆగిపోలేదు, మొరాయించలేదు, ఎర్ర అక్షరాలు చూపించలేదు. తప్పు జవాబుని కూడా ఒప్పు జవాబంత ధీమాగానే చెప్పింది. దాన్ని నమ్మి ఎవరైనా "ఈ వారం నీళ్ళ గొట్టాలు గడ్డకట్టని రోజొకటి ఉంది" అనుకుంటే నష్టం వాళ్ళది.

దిద్దుబాటు చాలా చిన్నది. "గుర్తు = 0" అన్నచోట "గుర్తు = జాబితాలో 0వ స్థానంలో ఉన్నది" అని రాస్తే చాలు. బయటి నుంచి సున్నాని తెచ్చిపెట్టడం మానేసి, ఆ జాబితాలోని సంఖ్యతోనే మొదలుపెడతాం. ఇప్పుడిది రెంటచింతలలోనూ పని చేస్తుంది, ద్రాస్‌లోనూ పని చేస్తుంది.

ఖాళీ బుట్ట

అయితే పని పూర్తయిందా? ఇంకా లేదు. వారంపాటు థర్మామీటరు పాడైపోయి, జాబితాలో ఒక్క సంఖ్య కూడా లేదనుకోండి. ఖాళీ జాబితాలో 0వ స్థానమే ఉండదు కదా, మరి గుర్తులో ఏం వేస్తాం?

ఇక్కడ కాస్త ఆలోచించాలి. ఒక ఖాళీ బుట్ట చూపించి, అందులోని మామిడిపళ్ళ మొత్తం బరువెంత అని అడిగితే "సున్నా" అనవచ్చు. అది సరైన జవాబే. అదే బుట్ట చూపించి, అందులో అన్నిటికన్నా పెద్ద పండు బరువెంత అని అడిగితే? సున్నా అనడం అబద్ధం. "ఇందులో పళ్ళే లేవండీ" అనడమే నిజం. సగటు అడిగినా అంతే. మొత్తాన్ని పళ్ళ సంఖ్యతో, అంటే సున్నాతో, భాగించాలి. అది కుదరదు.

పైథాన్ అనే భాష ఉంది. నెదర్లాండ్స్‌కి చెందిన గైడో వాన్ రోసమ్ దీన్ని తయారుచేసి 1991లో విడుదల చేశాడు. ఇవాళ చాలామంది విద్యార్థులు ప్రోగ్రాములు రాయడం దీనితోనే మొదలుపెడుతున్నారు. మొత్తం కట్టేందుకూ, పెద్దదాన్ని వెతికేందుకూ అందులో ఫంక్షన్లు సిద్ధంగా ఉన్నాయి. ఖాళీ జాబితా ఇస్తే మొదటిది 0 అంటుంది. రెండోది మాత్రం తప్పు జరిగిందని చెప్పి ఆగిపోతుంది. మన మామిడిపళ్ళ బుట్ట న్యాయమే అక్కడా పాటించారన్నమాట.

ఇరవై తప్పుల టేపు

ఫంక్షన్ల కథ ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ నాయకత్వంలో ఎడ్‌శాక్ అనే కంప్యూటరుని కట్టారు. 1949 మే 6వ తేదీన అది మొదటిసారి ప్రోగ్రాము నడిపి, వర్గాల పట్టికని అచ్చువేసింది. ఆ రోజుల్లో ప్రోగ్రాముని కాగితం టేపు మీద చిల్లులుగా పొడిచి యంత్రానికి ఇచ్చేవారు.

ఆ ఏడాదే విల్క్స్ ఒక గణిత సమస్య కోసం ప్రోగ్రాము రాశాడు. అందులో 126 వరసలున్నాయి. ఆ కాలపు టేపు ఒకటి దొరికితే తరవాత పరిశోధకులు దాన్ని పరీక్షించారు. అంత చిన్న ప్రోగ్రాములోనూ ఇరవై దాకా తప్పులు కనిపించాయి. కంప్యూటరుని కట్టగలిగిన మేధావి రాసినదానిలోనే ఇన్ని తప్పులుంటే, మొదటి ప్రయత్నంలోనే మనది సరిగ్గా రాలేదని దిగులు పడడం ఎందుకు?

మరి దీనికి విరుగుడేమిటి? ఒకసారి సరిగ్గా కుదిరిన పనిని మళ్ళీ మళ్ళీ రాయకుండా దాచుకోవడమే. విల్క్స్ దగ్గర పనిచేసిన డేవిడ్ వీలర్ అనే యువకుడు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టాడు. ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ ఒక ముక్కలోకి దూకి, అక్కడి పని ముగించుకుని, తాను బయల్దేరిన చోటికే తిరిగి వచ్చేటట్టు చేశాడు. అలాంటి ముక్కల్ని సబ్‌రొటీన్లు అన్నారు. నేటి ఫంక్షన్లకి అవి తాతలు. గ్రంథాలయంలో పుస్తకాల్లాగా వీటిని పోగుచేశారు. 1951 నాటికి అక్కడ అందరూ వాడుకోవడానికి 87 సబ్‌రొటీన్లు సిద్ధంగా ఉండేవి.

ఇందులో లాభం ఎంతో, బాధ్యతా అంత. ఒక ఫంక్షన్ని వందమంది వాడుకుంటే, అందులోని తప్పు వంద చోట్ల తప్పవుతుంది. అందుకే దాన్ని గ్రంథాలయంలో పెట్టే ముందు ద్రాస్‌కీ తీసుకెళ్ళాలి, ఖాళీ బుట్టనీ చూపించాలి.

క్యూలో తప్పించుకున్నవాడు

ఇప్పుడు ఇంకో రకం చిక్కు చూద్దాం. థర్మామీటరు పనిచెయ్యని రోజున సంఖ్యకి బదులు 999 అని రాయడం ఒక పద్ధతి. అలాంటివి ఉన్న జాబితా ఇది:

44, 999, 999, 43

పెద్దదాన్ని వెతికే ముందు ఈ 999లని తీసెయ్యాలి. "జాబితా వెంట నడుస్తూ, 999 కనిపించినప్పుడల్లా దాన్ని తొలగించు" అని రాశామనుకోండి. సబబుగానే ఉంది కదూ? నడిచి చూడండి.

0వ స్థానంలో 44 ఉంది. బాగానే ఉంది, ముందుకి వెళ్ళాం. 1వ స్థానంలో 999 ఉంది. తీసేశాం. తీసెయ్యగానే వెనక ఉన్నవన్నీ ఒక్కో అడుగు ముందుకి జరిగాయి. ఇప్పుడు జాబితా 44, 999, 43. మనం మాత్రం మన లెక్క ప్రకారం 2వ స్థానానికి వెళ్ళిపోయాం. అక్కడ ఉన్నది 43. జాబితా అయిపోయింది. 1వ స్థానంలోకి జరిగిన రెండో 999ని మనం చూడనే లేదు!

రేషను షాపు క్యూలో మనుషుల్ని లెక్కపెడుతూ నడుస్తున్నప్పుడు ఒకడు బయటికి వెళ్ళిపోతే ఇంతే. వెనకవాడు ముందుకి జరుగుతాడు, మీరు వెనక్కి జరుగుతారు. ఇద్దరూ ఒకరినొకరు దాటుకుపోతారు. ఆ రెండు 999లూ పక్కపక్కన లేకపోతే ఈ తప్పు బయటపడేదే కాదు. అదీ ఇందులోని ప్రమాదం.

మంచి పద్ధతి ఏమిటంటే, ఉన్న జాబితాలోంచి చెడ్డవాటిని తియ్యకండి. ఒక కొత్త ఖాళీ జాబితా తీసుకుని, మంచివాటిని మాత్రం అందులో చేర్చండి. బియ్యంలో రాళ్ళు మరీ ఎక్కువైతే మంచి గింజల్నే వేరే చేటలోకి ఏరుకోమూ, అలాగన్నమాట.

ఇంట్లో చిట్టి, బళ్ళో సుబ్రహ్మణ్యం

ఒకే పిల్లవాడిని ఇంట్లో చిట్టి అంటారు, బళ్ళో సుబ్రహ్మణ్యం అంటారు. చిట్టికి జ్వరం వస్తే సుబ్రహ్మణ్యం బడికి రాడు. ఇందులో వింతేముంది? కాని జాబితాల దగ్గరకొచ్చేసరికి చాలామంది ఇక్కడే తికమకపడతారు.

"అసలు" అనే జాబితాలో 41, 44, 43 ఉన్నాయి. "నకలు = అసలు" అని రాశాం. తరవాత నకలులో 0వ స్థానంలో 50 వేశాం. ఇప్పుడు అసలులో ఏముంటుంది? పైథాన్‌లోనూ, అలాంటి మరికొన్ని భాషల్లోనూ 50, 44, 43 అని వస్తుంది. మనం కొత్త జాబితా ఏదీ చెయ్యలేదు. ఉన్నదానికే రెండో పేరు పెట్టాం, అంతే. నిజమైన నకలు కావాలంటే ఒక్కొక్కటీ తీసి కొత్త జాబితాలోకి రాసుకోవాలి. పైథాన్‌లో ఇందుకు కాపీ అనే ఆజ్ఞ కూడా ఉంది.

ఫంక్షనుకి ఇచ్చిన జాబితా విషయంలోనూ ఇంతే. మీరు అరువిచ్చిన నోటుబుక్కులో స్నేహితుడు కొట్టివేతలు చేసి తిరిగి ఇస్తే ఎలా ఉంటుంది? తన చేతికి వచ్చిన జాబితాని చెప్పకుండా మార్చెయ్యడం ఫంక్షనుకి మర్యాద కాదు.

తల, తోక

అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో జాన్ మెకార్తీ 1958లో లిస్ప్ అనే భాషకి రూపం ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ పేరులోనే లిస్టు ఉంది. అందులో జాబితాని రెండు భాగాలుగా చూస్తారు. మొదటిది తల. మిగిలినదంతా తోక. తమాషా ఏమిటంటే ఆ తోక కూడా ఒక జాబితాయే. దానికీ తల ఉంటుంది, తోక ఉంటుంది!

ఈ ఒక్క సంగతి పట్టుకుని మొత్తం కట్టే ఫంక్షన్ని ఎంత పొట్టిగా రాయవచ్చో చూడండి.

ఫంక్షను మొత్తం (జాబితా):
    జాబితా ఖాళీ అయితే, 0 తిరిగి ఇవ్వు
    లేకపోతే, తల + మొత్తం (తోక) తిరిగి ఇవ్వు

ఫంక్షను తనని తానే పిలుచుకుంటోంది! 3, 5, 2 ఇచ్చి చూడండి. 3ని అట్టేపెట్టి, "5, 2ల మొత్తం ఎంత?" అని అడుగుతుంది. అక్కడ 5ని అట్టేపెట్టి, "2 ఒక్కటే ఉన్న జాబితా మొత్తం ఎంత?" అని అడుగుతుంది. అక్కడ 2ని అట్టేపెట్టి, "ఖాళీ జాబితా మొత్తం ఎంత?" అని అడుగుతుంది. దానికి జవాబు 0. ఇక వెనక్కి వస్తూ 2, 7, 10. జవాబు 10.

మొదటి ఆజ్ఞ లేకపోతే ఈ అడగడానికి అంతే ఉండదు. ఇందాక మనల్ని ఇబ్బంది పెట్టిన ఖాళీ జాబితాయే ఇక్కడ మనల్ని గట్టెక్కిస్తోంది, చూశారా!

తొమ్మిదేళ్ళు దాక్కున్న తప్పు

నిఘంటువులో ఒక మాట కోసం మొదటి పేజీ నుంచి వెతుకుతామా? మధ్యకి తెరుస్తాం. మన మాట ముందుంటే వెనక సగాన్ని వదిలేస్తాం, మిగిలిన సగాన్ని మళ్ళీ మధ్యకి తెరుస్తాం. వరసగా పేర్చిన వెయ్యి సంఖ్యల్లో కావలసినదాన్ని ఇలా పది చూపుల్లో పట్టుకోవచ్చు. మధ్య స్థానం కావాలంటే మొదటి స్థానం నంబరునీ చివరి స్థానం నంబరునీ కూడి, రెండుతో భాగిస్తే సరి.

జావా అనే భాషతోపాటు వచ్చే గ్రంథాలయంలో ఈ ఫంక్షను ఉంది. దాన్ని రాసినవాడు జాషువా బ్లాక్, పేరున్న నిపుణుడు. అందులో ఒక తప్పు ఉందని 2006లో ఆయనే లోకానికి చెప్పాడు. అప్పటికి ఆ తప్పు అక్కడ దాదాపు తొమ్మిదేళ్ళుగా ఉంది. ఏమిటది? మోటారు సైకిలు మీటరు 99999 దాటితే మళ్ళీ 00000కి వచ్చేస్తుంది కదా! ఆ భాషలో మామూలు పూర్ణసంఖ్య 2147483647 దాటితే ఋణసంఖ్యగా మారిపోతుంది. జాబితాలో నూరు కోట్లకి పైగా వస్తువులుంటే, రెండు స్థానాల మొత్తం ఆ హద్దుని దాటవచ్చు. అంత పెద్ద జాబితా ఎవరూ ఇవ్వనంతకాలం తప్పు కనిపించలేదు.

దిద్దుబాటు ఇది: రెంటినీ కూడకుండా, చివరి స్థానంలోంచి మొదటి స్థానాన్ని తీసివేసి, వచ్చినదానిలో సగాన్ని మొదటి స్థానానికి కలపాలి. గణితంలో రెండు పద్ధతులూ ఒకటే. కంప్యూటరులో ఒకటి కాదు. కాగితం మీద వేసి చూడండి.

మీరూ చెయ్యండి

కంప్యూటరు ఉంటే మంచిదే. లేకపోతే పెన్సిలు, కాగితం, ఆ కన్నం చేసిన ముక్క చాలు. ఒక నియమం మాత్రం పాటించండి. ఫంక్షను రాయకముందే నాలుగు జాబితాలు రాసుకుని, వాటికి రావలసిన జవాబులు పక్కన వేసుకోండి. ఒకటి ఖాళీది, ఒకటి ఒక్క సంఖ్యే ఉన్నది, ఒకటి అన్నీ సమానంగా ఉన్నది, ఒకటి ఋణసంఖ్యలు ఉన్నది.

1. జాబితాలో అన్నిటికన్నా చిన్నదాన్ని తిరిగి ఇచ్చే ఫంక్షను.

2. జాబితాని తలకిందులు చేసి, కొత్త జాబితాగా ఇచ్చే ఫంక్షను. పాత జాబితా చెక్కుచెదరకూడదు.

3. రెండో పెద్ద సంఖ్యని ఇచ్చే ఫంక్షను. 46, 46, 44 ఇస్తే జవాబు 46 కావాలా, 44 కావాలా? రాసే ముందే తేల్చుకోండి.

4. మళ్ళీ మళ్ళీ వచ్చిన పేర్లని ఒక్కసారే ఉంచి, వచ్చిన వరసలోనే ఇచ్చే ఫంక్షను.

5. తల, తోక పద్ధతిలో జాబితా పొడవుని చెప్పే ఫంక్షను. ఖాళీ జాబితా పొడవు ఎంతో ముందుగా ఆలోచించండి. మిగతాది దానంతటదే వస్తుంది.

రాయడం అయ్యాక మీ ఫంక్షన్ని స్నేహితుడి చేతికిచ్చి, దాన్ని ఓడించగల జాబితా ఒకటి తెమ్మనండి. తెస్తే కోపం తెచ్చుకోకండి. రేపు ఇంకెవరికో వెళ్ళవలసిన తప్పు జవాబుని అతను ఇవాళే ఆపాడు.